భాగం – 9: చలి కొండల్లో కాపురం – వెళ్లేముందు తెలుసుకోవలసిన విషయాలు (లడఖ్ ఉదాహరణగా)

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 లడఖ్ – భౌగోళిక నేపథ్యం
9.3 పలుచని గాలి – మన శరీరం
9.4 చలి – దుస్తులు, ఇల్లు, వేడి
9.5 నీరు – కొరత, వరద
9.6 దారులు, నిల్వలు, వంట
9.7 ఊరు – పొరుగువారు
9.8 నిర్ణయం తీసుకునే ముందు
9.9 సారాంశం
9.10 ముఖ్యపదాలు
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• ఎత్తయిన ప్రదేశాలలో గాలి, చలి, నీరు మనిషి జీవితాన్ని ఎలా నిర్ణయిస్తాయో వివరించగలుగుతారు.
• ఎత్తు జబ్బు లక్షణాలను గుర్తించి, తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.
• లడఖ్ గ్రామాలలోని ఇళ్లు, నీటి పంపకం, ఆహార నిల్వ పద్ధతుల వెనుక ఉన్న కారణాలను విశ్లేషించగలుగుతారు.
• అటువంటి ప్రాంతానికి వెళ్లి స్థిరపడాలనుకునేవారికి తగిన సలహా ఇవ్వగలుగుతారు.

9.1 పరిచయం

మీకో, మీ ఇంట్లో ఒకరికో లేహ్‌లో ఉద్యోగం వచ్చిందనుకోండి. ఇది ఊహ కోసం చెప్పిన మాట మాత్రమే కాదు. తెలుగు జిల్లాల నుంచి సైన్యంలో చేరినవారు, సరిహద్దు రోడ్ల నిర్మాణంలో పనిచేసే ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, కేంద్రీయ విద్యాలయాల ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లి రెండు మూడేళ్లు ఉండి వస్తుంటారు. కొందరు కుటుంబాన్ని కూడా తీసుకువెళతారు. సెలవుల్లో చూసి, ఆ ప్రశాంతత నచ్చి, అక్కడే ఉండిపోవాలనుకునేవారూ ఉన్నారు.

చలి అంటే మనకు తెలిసినది తక్కువ. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రోజులు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతే అది మనకు వార్త అవుతుంది. లంబసింగి ఎత్తు సముద్రమట్టం నుంచి సుమారు 1,000 మీటర్లు. లేహ్ పట్టణం ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడ శీతకాలంలో నెలల తరబడి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువనే ఉంటుంది.

ఈ భాగమంతటా మీరు ఒక విషయాన్ని గుర్తుంచుకోవాలి. గాలి, వెచ్చదనం, కుళాయి నీరు, వీధి చివర కిరాణా కొట్టు వంటివాటిని మైదాన ప్రాంతాలలో మనం పెద్దగా లెక్కచేయం. చలి కొండల్లో వాటిలో ప్రతి ఒక్కటీ లెక్కపెట్టుకుని వాడుకోవలసిన వనరు. అక్కడి ప్రజలు ఆ లెక్కను తరతరాలుగా నేర్చుకున్నారు. కొత్తగా వెళ్లేవారు దాన్ని మొదటి చలికాలానికి ముందే నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే నష్టం తమకే కాదు, ఆశ్రయమిచ్చిన ఊరికి కూడా.

9.2 లడఖ్ – భౌగోళిక నేపథ్యం

లడఖ్ 2019 అక్టోబరు 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతంగా ఉంది. దీని విస్తీర్ణం సుమారు 59,000 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 2,74,289. అంటే చదరపు కిలోమీటరుకు ఐదుగురు కూడా లేరు. లేహ్ ప్రాంతంలో బౌద్ధులు, కార్గిల్ ప్రాంతంలో షియా ముస్లింలు అధికసంఖ్యాకులు.

హిమాలయాలకు ఉత్తరాన ఉండటం వల్ల లడఖ్ వర్షచ్ఛాయా ప్రాంతమైంది. నైరుతి ఋతుపవనాలు కొండలకు దక్షిణ భాగంలోనే చాలావరకు తేమను కోల్పోతాయి. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడితే, లేహ్‌లో వర్షం, మంచు రెండూ కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లే. అందుకే దీనిని శీతల ఎడారి అంటారు. ఇసుక, రాళ్లు, బోడి కొండల మధ్య అక్కడక్కడ పచ్చని ఊళ్లు కనిపిస్తాయి. హిమానీనదాలు, కొండ మీది మంచు కరిగి వాగులుగా దిగివచ్చే చోట మాత్రమే ఊరు, పొలం, చెట్టు ఉంటాయి.

ఎత్తు పెరిగేకొద్దీ సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని మీరు చదివి ఉన్నారు. ఈ లెక్క ప్రకారం 3,500 మీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సముద్రతీరం కంటే సుమారు 23 డిగ్రీలు తక్కువగా ఉండాలి. దీనికి తోడు లేహ్ మనకంటే చాలా ఉత్తరాన, 34 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. గాలిలో తేమ, ఆకాశంలో మేఘాలు తక్కువ కావడంతో పగలు వచ్చిన వేడి రాత్రికి నిలవదు. పగటికీ రాత్రికీ, ఎండకూ నీడకూ మధ్య తేడా చాలా ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

9.3 పలుచని గాలి – మన శరీరం

ఎత్తయిన చోట గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఎక్కడైనా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. తగ్గేది వాతావరణ పీడనం. 3,500 మీటర్ల దగ్గర పీడనం సముద్రమట్టం దగ్గర ఉండే దానిలో దాదాపు 65 శాతం ఉంటుంది. అంటే మనం పీల్చే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సుమారు మూడో వంతు తగ్గిపోతుంది.

ఈ లోటును పూడ్చుకోవడానికి శరీరం శ్వాస వేగాన్ని, గుండె వేగాన్ని పెంచుతుంది. తరువాత కొన్ని వారాలలో రక్తంలోని ఎర్ర కణాలను కూడా పెంచుకుంటుంది. దీనినే ఎత్తుకు అలవాటుపడటం అంటాం. ఇందుకు సమయం కావాలి. వయసు, కండబలం, వ్యాయామం చేసే అలవాటు ఈ సమయాన్ని తగ్గించలేవు. బలంగా ఉన్న యువకులే తమకేమీ కాదనే ధీమాతో మొదటి రోజే తిరిగి, రాత్రికి ఆసుపత్రి పాలు కావడం అసాధారణమేమీ కాదు.

ఎత్తు జబ్బు: దీనినే మౌంటెన్ సిక్‌నెస్ అంటారు. ఎత్తుకు చేరిన తరువాత సాధారణంగా 6 నుంచి 12 గంటలలో లక్షణాలు మొదలవుతాయి. తలనొప్పి ముఖ్య లక్షణం. దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తలతిరగడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

అయితే రెండు ప్రమాదకర స్థితులను తప్పనిసరిగా గుర్తించగలగాలి.

(అ) ఊపిరితిత్తులలో నీరు చేరడం: కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగతో కళ్లె, పెదవులు నీలం రంగుకు తిరగడం దీని లక్షణాలు.

(ఆ) మెదడు వాపు: మాట తడబడటం, అయోమయం, తూలుతూ నడవడం దీని లక్షణాలు. అనుమానం వస్తే ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవమనండి. నడవలేకపోతే ప్రమాదమని గ్రహించాలి.

ఈ రెండింటిలోనూ ప్రాణానికే ముప్పు. తెల్లవారే వరకు ఆగకూడదు. ఆక్సిజన్ అందించాలి, వైద్యం అందించాలి, వీలైనంత త్వరగా తక్కువ ఎత్తుకు దించాలి.

పాటించవలసిన జాగ్రత్తలు ఇవి. ఢిల్లీ నుంచి విమానంలో వెళితే గంటన్నర లోపే దాదాపు 3,300 మీటర్లు పైకి చేరతారు. కాబట్టి మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. సామాన్లు సర్దుకోవడం, మెట్లెక్కడం కూడా వాయిదా వేసుకోవాలి. రోడ్డు మార్గంలో వెళ్లదలిస్తే శ్రీనగర్ నుంచి కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి వెళ్లడం శరీరానికి మేలు. మనాలి నుంచి వెళ్లే దారి 5,000 మీటర్లు దాటిన కనుమల మీదుగా సాగుతుంది, రాత్రి బసలు కూడా చాలా ఎత్తున ఉంటాయి. 3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు చెప్పే సాధారణ నియమం. మద్యం, నిద్రమాత్రలు మొదటి రోజుల్లో తగవు. ఎసిటజోలమైడ్ అనే మందు ఈ జబ్బు నివారణకు వాడతారు. కాని అది అందరికీ పడదు. డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

ఎవరు ముందుగా వైద్య సలహా తీసుకోవాలి? గుండె జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలున్న తల్లిదండ్రులు తప్పక తీసుకోవాలి. మన ప్రాంతానికి సంబంధించి మరొక ముఖ్య విషయం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలలో సికిల్ సెల్ రక్తహీనత కనిపిస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి ఎత్తయిన ప్రదేశం ప్రమాదకరం. జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మాత్రమే మోస్తున్న వాహకులకు కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతినే అవకాశం ఉంది. వాహకులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు కనుక తమకు ఆ లక్షణం ఉన్నట్లు తెలియకపోవచ్చు. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే రక్తపరీక్ష చేయించుకున్న తరువాతే ప్రయాణం నిర్ణయించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I

1. ఎత్తయిన ప్రదేశంలో తగ్గేది ఆక్సిజన్ శాతమా, వాతావరణ పీడనమా?
2. ఎత్తు జబ్బులో మెదడు వాపును అనుమానించడానికి సులభమైన పరీక్ష ఏది?

9.4 చలి – దుస్తులు, ఇల్లు, వేడి

దుస్తులు: లేహ్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 14 డిగ్రీల దగ్గర ఉంటాయి. కొన్ని రాత్రులు మైనస్ 20 కంటే దిగువకు పోతాయి. గాలి వీస్తే చలి మరింత పెరిగినట్లు అనిపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, బయట ఉన్న చర్మానికి అది దాదాపు మైనస్ 20 డిగ్రీలతో సమానం. ఒకే ఒక మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకున్న దుస్తులు మేలు. పొరల మధ్య నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఒంటికి తగిలే పొర నూలు బట్ట కాకూడదు. చెమటకు తడిసిన నూలు త్వరగా ఆరదు, శరీరంలోని వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా థర్మల్ బట్టలు, మధ్యలో ఉన్ని స్వెట్టరు, పైన గాలిని ఆపే కోటు ఉండాలి. లడఖీలు ధరించే గొంచా అనే పొడవాటి ఉన్ని అంగీ ఇదే అవసరం నుంచి వచ్చింది.

వేళ్లు, చెవులు, ముక్కు తెల్లబడి స్పర్శ కోల్పోతే అది మంచుకాటు. అక్కడ రుద్దకూడదు. మంట దగ్గర కాచకూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. వెచ్చని గదిలోకి చేరి, గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఇంకొక మాట. చలి ఉన్నంత మాత్రాన ఎండ తీవ్రత తగ్గదు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినప్పుడల్లా అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. మంచు మీద పడి తిరిగి వచ్చే వెలుగు కళ్లను దెబ్బతీస్తుంది. నల్ల కళ్లద్దాలు అక్కడ సోకు కాదు, అవసరం.

ఇల్లు: లడఖ్‌లో సంప్రదాయ గృహాన్ని ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కడతారు. పైకప్పుకు పాప్లర్ దూలాలు వేసి, వాటిపై విల్లో పుల్లలు పరచి, మట్టి కప్పుతారు. మందమైన మట్టి గోడ పగలు ఎండను తాగి, రాత్రి ఆ వేడిని నెమ్మదిగా లోపలికి వదులుతుంది. పెద్ద కిటికీలు దక్షిణం వైపు ఉంటాయి, ఉత్తరం వైపు చాలా తక్కువ. శీతకాలపు సూర్యుడు దక్షిణ దిశగా వాలి ఉంటాడు కనుక ఎండ నేరుగా గదిలోకి వస్తుంది. మనం వాస్తు పేరుతో దిక్కులు చూసుకుంటాం. అక్కడ దిక్కు చూసుకోవడం బతుకు లెక్క. కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు, జనవరిలో ఈ గదిలోకి ఎండ ఎన్ని గంటలు వస్తుంది అని. కొండ నీడ పడే ఇల్లు అద్దె తక్కువైనా ఇంధనానికి ఎక్కువ ఖర్చవుతుంది. 1988లో ప్రారంభమైన సెక్మోల్ సంస్థ లేహ్ సమీపంలోని ఫే గ్రామంలో సూర్యరశ్మితోనే వెచ్చగా ఉండే మట్టి భవనాలను నిర్మించింది.

శీతకాలంలో కుటుంబమంతా ఇంటినంతటినీ వాడదు. పొయ్యి ఉన్న ఒక పెద్ద గదిలోనే వంట, భోజనం, చదువు, నిద్ర సాగుతాయి. ఒక గదిని వెచ్చగా ఉంచడానికి సరిపోయే ఇంధనం ఐదు గదులకు చాలదు. విడివిడి గదులకు అలవాటుపడినవారికి మొదట ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

వేడి – ఒక ప్రమాదం: బుఖారీ అనే ఇనుప పొయ్యిలో కట్టె, పిడకలు, కిరోసిన్ వంటివి కాలుస్తారు. దానికి పొగగొట్టం సరిగా ఉండాలి. బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు పేరుకుపోతుంది. దానికి రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలి ప్రాంతాలకు కొత్తగా వెళ్లినవారు చేసే పొరపాట్లలో ఇది అత్యంత ఘోరమైనది. దీని మొదటి లక్షణాలు తలనొప్పి, వికారం. ఇవి ఎత్తు జబ్బు లక్షణాలు కూడా కనుక పొరబడే ప్రమాదం ఉంది. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ముందు అందరూ బయటికి రావాలి. పడుకునే ముందు కుంపటిని, గొట్టంలేని హీటరును ఆర్పివేయాలి. గాలి వచ్చే సందు తప్పక ఉంచాలి.

9.5 నీరు – కొరత, వరద

పొలానికైనా ఇంటికైనా లడఖ్ గ్రామంలో ఆధారం మంచు కరిగి వచ్చిన వాగే. ఆ నీటిని పొలాలకు వంతుల ప్రకారం వదలడానికి గ్రామస్థులు ఒక వ్యక్తిని నియమించుకుంటారు. అతనిని చుర్‌పొన్ అంటారు. మన ఊళ్లలో చెరువు తూము దగ్గర నీరు వదిలే నీరటికాడి పని వంటిదే ఇది. వాగు నీరు ప్రతి ఇంటికీ లెక్క ప్రకారమే అందుతుంది. కొత్తగా వచ్చినవారు తోట పెంచాలన్నా, ఇల్లు కట్టాలన్నా ఆ వంతులోంచే నీరు తీసుకోవాలి.

శీతకాలంలో పైపుల్లో నీరు గడ్డకడుతుంది. నీరు మంచుగా మారితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కనుక పైపులు పగులుతాయి. అందుకే రాత్రికి పైపులను ఖాళీ చేస్తారు. చేతిపంపుల నుంచి, ట్యాంకర్ల నుంచి బిందెలు, డబ్బాలతో నీరు తెచ్చుకోవడం మామూలు. రోజూ తలస్నానం, రోజూ బట్టలుతకడం సాగవు.

ఈ పరిస్థితికి లడఖీలు కనుగొన్న సమాధానం పొడి మరుగుదొడ్డి. పై అంతస్తులో రంధ్రం, కింద గది ఉంటాయి. వాడిన ప్రతిసారీ మట్టి, బూడిద వేస్తారు. నీరు అక్కరలేదు, గడ్డకట్టే సమస్య లేదు, వసంతంలో పొలానికి ఎరువు దొరుకుతుంది. పర్యాటకుల కోసం లేహ్‌లో నీటితో శుభ్రపరిచే మరుగుదొడ్లు పెరగడంతో భూగర్భజలాల వాడకం, వాటి కాలుష్యం రెండూ పెరిగాయి. మనకు అలవాటైన సౌకర్యమే అక్కడ ఊరికి భారమవుతుందనడానికి ఇది ఉదాహరణ.

వరద: ఇంత తక్కువ వర్షం పడే చోట వరద భయం ఏమిటని మీకు అనిపించవచ్చు. 2010 ఆగస్టు 5, 6 తేదీల మధ్య రాత్రి లేహ్ పరిసరాలలో కుంభవృష్టి కురిసింది. చెట్లు లేని వాలుల నుంచి రాళ్లు, బురద కలిసిన వరద ఊళ్ల మీదికి దూకింది. 200 మందికి పైగా మరణించారు. లేహ్‌లో ఆసుపత్రి, బస్టాండు, టెలిఫోను ఎక్స్ఛేంజి దెబ్బతిన్నాయి. సమీపంలోని చొగ్లమ్‌సర్‌లో ఇళ్లు పెద్ద సంఖ్యలో కొట్టుకుపోయాయి. కాబట్టి ఎండిన వాగు ఒడ్డున, కొండవాగు లోయలోకి తెరుచుకునే చోట స్థలం చదునుగా, చౌకగా కనిపించినా నివాసానికి ఎంచుకోకూడదు. నీరు ఎటు పారేదో ఊరి పెద్దవారిని అడిగితే చెబుతారు.

9.6 దారులు, నిల్వలు, వంట

దేశంలోని ఇతర ప్రాంతాల నుంచి లేహ్‌కు రెండు ప్రధాన రహదారులున్నాయి. శ్రీనగర్ నుంచి వచ్చే దారి సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న జోజి లా కనుమను దాటుతుంది. మనాలి నుంచి వచ్చే దారి బారాలాచా లా, తంగ్‌లంగ్ లా వంటి కనుమలను దాటుతుంది. 'లా' అంటే అక్కడి భాషలో కనుమ. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కనుమను తప్పించింది. కాని దాని తరువాతి ఎత్తయిన కనుమలు శీతకాలంలో మంచుతో మూసుకుపోతూనే ఉన్నాయి. రోడ్లు మూసిన రోజుల్లో విమానమే దిక్కు. వాతావరణం బాగాలేకపోతే ఆ విమానాలు కూడా రద్దవుతాయి. లేహ్‌లో మధ్యాహ్నం గాలులు ఎక్కువ కనుక విమానాలు ప్రధానంగా ఉదయం పూటే నడుస్తాయి.

దీని అర్థం మీకు తెలియాలి. ఇంటి దగ్గర కష్టం వచ్చినా, పరీక్ష ఉన్నా, అనుకున్న రోజుకు బయలుదేరలేకపోవచ్చు. దూరవిద్యలో చదువుతున్న మీరు పరీక్షల తేదీలను, పరీక్షా కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని ప్రయాణానికి కొన్ని రోజులు అదనంగా కేటాయించుకోవాలి. క్రమంగా వాడే మందులు కనీసం కొన్ని నెలలకు సరిపడా దగ్గర ఉంచుకోవాలి. ఇతర రాష్ట్రాలలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ కార్డులు అక్కడ పనిచేయవన్నది చాలాకాలంగా ఉన్న నియమం. పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకుని వెళ్లడం మంచిది.

ఒక్క పంట ఊరు: లడఖ్‌లో చాలా చోట్ల ఏడాదికి ఒక్కటే పంట. ఏప్రిల్, మే నెలల్లో బార్లీ, గోధుమ, బఠానీ విత్తి, ఆగస్టు, సెప్టెంబరులలో కోస్తారు. ఆ కొద్ది నెలల శ్రమ మీదనే మిగతా ఏడాది గడవాలి. అందుకే శరదృతువులో ప్రతి ఇంటి పైకప్పు మీదా ఆకుకూరలు, ఆప్రికాట్లు ఎండుతూ కనిపిస్తాయి. పశువులకు గడ్డి పేర్చుకుంటారు. బంగాళాదుంప, క్యారెట్, ముల్లంగి నేల గోతుల్లో దాచుకుంటారు. వేసవిలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకుని, వడియాలు, ఒరుగులు ఎండబెట్టుకునే మనకు ఈ ముందుచూపు కొత్త కాదు. తేడా ఒక్కటే. మనకు ఆవకాయ అయిపోతే కూర ఉంటుంది. అక్కడ నిల్వ అయిపోతే మిగిలేది విమానంలో వచ్చిన ఖరీదైన సరుకు. మీరు వెళ్లేది సెప్టెంబరు తరువాత అయితే, బియ్యం, పప్పు, నూనె, ఇంధనం ఎలా సమకూర్చుకోవాలో ముందే తెలుసుకోండి.

వంట: పీడనం తగ్గితే నీటి మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. లేహ్‌లో నీరు సుమారు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎసరు తెర్లుతూనే ఉంటుంది కాని అన్నం పలుకుగానే ఉంటుంది. కందిపప్పు సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి ప్రెషర్ కుక్కరు, దానికి అదనపు రబ్బరు రింగు, సేఫ్టీ వాల్వు తప్పనిసరి. చలికి గ్యాస్ సిలిండరులో పీడనం తగ్గి మంట సన్నగిల్లుతుంది. సాధారణ డీజిల్ కూడా చిక్కబడుతుంది. ఈ కారణంగానే 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని ప్రత్యేక శీతకాలపు డీజిల్‌ను లడఖ్‌లో ప్రవేశపెట్టింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II

3. చుర్‌పొన్ చేసే పని ఏమిటి?
4. లేహ్‌లో అన్నం, పప్పు మామూలు గిన్నెలో సరిగా ఉడకకపోవడానికి కారణమేమిటి?

9.7 ఊరు – పొరుగువారు

ఇంత కఠినమైన చోట ఏ కుటుంబమూ ఒంటరిగా బతకలేదు. లడఖ్ బౌద్ధ గ్రామాలలో కొన్ని కుటుంబాలు కలిసి ఫస్‌పున్ అనే బంధంగా ఏర్పడతాయి. పుట్టుక, పెళ్లి, చావు వంటి సందర్భాలలో ఫస్‌పున్ కుటుంబాలవారే ముందుండి పనులు నడిపిస్తారు. ఊరి పెద్దను గోబా అంటారు. ఊరికి కొత్తగా వచ్చినవారు మొదట గోబాను కలిసి తాము ఎవరో, ఎందుకు వచ్చారో, ఎంతకాలం ఉంటారో చెప్పుకోవడం మర్యాద.

'జూలే' అనే ఒక్క మాట నేర్చుకోండి. నమస్కారానికి, కృతజ్ఞతకు, సెలవు తీసుకోవడానికి అదే మాట. ఇంట్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు విడవడం మనకూ అలవాటే. మంత్రాలు చెక్కిన రాళ్లతో కట్టిన మణి గోడలను, చొర్తెన్ అనే స్తూపాలను మన కుడిచేతి వైపు ఉంచుకుని దాటాలి. కార్గిల్ ప్రాంతంలో మొహర్రం రోజులు సంతాప దినాలు. ఆ రోజుల్లో పాటలు, వేడుకలు తగవు. అతిథికి వెన్న, ఉప్పు వేసిన టీ ఇస్తారు. మన నాలుకకు కొత్తగా ఉన్నా, చలిలో కొవ్వు, ఉప్పు శరీరానికి ఎందుకు అవసరమో మీకు ఇప్పుడు తెలుసు.

మర్యాద కన్నా ముఖ్యమైనది వాటా. మంచు కప్పిన కాలువను బాగుచేయడానికి, వాగు గట్టు కట్టడానికి ఊరు కదిలినప్పుడు మీరు కూడా పార పట్టుకుని వెళ్లాలి. డబ్బు ఇస్తానంటే సరిపోదు. అక్కడ కొరత డబ్బుకు కాదు, మనుషులకు. రేపు మంచులో మీ బండి ఇరుక్కుపోతే తోసేది, అర్ధరాత్రి మీ పిల్లవాడికి ఆయాసం వస్తే ఆక్సిజన్ సిలిండరు ఎవరి దగ్గర ఉందో చెప్పేది వారే.

9.8 నిర్ణయం తీసుకునే ముందు

ఉద్యోగరీత్యా వెళ్లేవారికి ఎంపిక తక్కువ. స్వయంగా వెళ్లి స్థిరపడాలనుకునేవారు మాత్రం కింది విషయాలను ఒక్కొక్కటిగా ఆలోచించుకోవాలి.

1. జూన్‌లో చూసి నిర్ణయించుకోవద్దు. జనవరిలో వెళ్లి కనీసం రెండు వారాలు, హోటల్లో కాకుండా గ్రామంలో ఒక ఇంట్లో ఉండి చూడండి.
2. ఇంట్లో అందరి ఆరోగ్యమూ పరీక్ష చేయించండి. ఒక్కరికి పడకపోయినా కుటుంబమంతా ఉండలేదు.
3. మీరు ఉండబోయే ఊరి నుంచి ఆసుపత్రికి శీతకాలంలో ఎంత సమయం పడుతుందో కనుక్కోండి. జిల్లా ఆసుపత్రి లేహ్ పట్టణంలో ఉంది. మారుమూల లోయల నుంచి అక్కడికి చేరడం వేసవిలో ఒక తీరు, మంచులో మరొక తీరు.
4. సంపాదన ఎక్కడి నుంచి వస్తుంది? పర్యాటకం ప్రధానంగా వేసవి నెలల పని. ప్రభుత్వోద్యోగాలకు స్థానికతను నిర్ధారించే నిబంధనలు 2025లో వచ్చాయి. వాటి ప్రకారం బయటి నుంచి వెళ్లినవారు 15 సంవత్సరాలు అక్కడ నివసించి ఉండాలి. భూమి, సరిహద్దు ప్రాంతాల ప్రవేశానికి సంబంధించిన నియమాలను దళారుల మాట మీద కాకుండా జిల్లా అధికారుల కార్యాలయంలోనే తెలుసుకోండి.
5. పిల్లల చదువు: అక్కడి పాఠశాలలకు దీర్ఘ సెలవులు శీతకాలంలో వస్తాయి, వేసవిలో కాదు. మన దగ్గరికి మార్చుకుంటే తరగతులు సరిపోలకపోవచ్చు.
6. ఏకాంతాన్ని తట్టుకోగలరా? మొదటి నెల ప్రశాంతంగా అనిపించిన నిశ్శబ్దమే నాలుగో నెలలో దిగులు కావచ్చు. తెలుగు మాట వినిపించని, ఆకుపచ్చ రంగు కనిపించని ఐదు నెలలను ముందుగానే ఊహించుకోండి.

వీటికి సమాధానాలు సంతృప్తికరంగా లేకపోతే వెళ్లకపోవడం ఓటమి కాదు. తమ శరీరాన్ని, తమ అవసరాలను సరిగా లెక్క వేసుకున్నవారు తీసుకునే నిర్ణయం అది.

కృత్యం: మీ ఇంట్లో ఒక వారం రోజులు వాడే నీటిని బిందెల లెక్కన, గ్యాసును రోజుల లెక్కన రాసుకోండి. ఆ నీటిని 200 మీటర్ల దూరం నుంచి మోసుకు రావలసి వస్తే ఏ వాడకాన్ని ముందుగా తగ్గిస్తారో కుటుంబసభ్యులతో చర్చించి, ఒక పేజీ రాయండి.

9.9 సారాంశం

లడఖ్ వంటి చలి కొండ ప్రాంతాలలో వాతావరణ పీడనం తక్కువ కావడం వల్ల శరీరానికి ఆక్సిజన్ తక్కువగా అందుతుంది. అలవాటుపడేందుకు సమయం ఇవ్వకపోతే ఎత్తు జబ్బు వస్తుంది. కొన్ని సందర్భాలలో అది ప్రాణాంతకం. దుస్తులు, ఇల్లు, పొయ్యి అన్నీ వేడిని నిలుపుకునే ప్రయత్నాలే. పొయ్యి విషయంలో అజాగ్రత్త వల్ల విషవాయువు ప్రమాదం ఉంది. నీరు మంచు కరిగితేనే లభిస్తుంది కనుక దానిని వంతులవారీగా పంచుకుంటారు. తక్కువ వర్షం పడే చోట కూడా ఆకస్మిక వరద వస్తుందని 2010 నాటి అనుభవం తెలుపుతుంది. దారులు మూసుకుపోయే నెలలకు ముందే నిల్వ చేసుకోవాలి. అన్నింటికీ మించి, ఊరి శ్రమలో వాటా పంచుకున్నవారికే ఊరి అండ దొరుకుతుంది.

9.10 ముఖ్యపదాలు

వర్షచ్ఛాయా ప్రాంతం: తేమగాలులను కొండలు అడ్డుకోవడం వల్ల కొండలకు అవతలి వైపున వర్షం తక్కువగా పడే ప్రాంతం.
కనుమ: కొండల వరుసను దాటడానికి వీలుగా ఉండే ఎత్తయిన మార్గం.
మంచుకాటు: తీవ్రమైన చలికి చర్మం, దాని కింది కండ గడ్డకట్టి దెబ్బతినడం.
బుఖారీ: గదిని వెచ్చగా ఉంచే, పొగగొట్టం గల ఇనుప పొయ్యి.
వాహకులు: జబ్బు లేకపోయినా దాని జన్యు లక్షణాన్ని కలిగి ఉన్నవారు.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. వాతావరణ పీడనం.
2. మడమకు వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవమనడం.
3. గ్రామంలోని పొలాలకు వాగు నీటిని వంతుల ప్రకారం వదలడం.
4. పీడనం తక్కువ కావడం వల్ల నీరు సుమారు 88 డిగ్రీల దగ్గరే మరగడం.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎత్తు జబ్బుకు కారణాలు, లక్షణాలు, జాగ్రత్తలను వివరించండి.
2. లడఖ్ గ్రామీణ జీవనంలో నీటికి, నిల్వలకు ఉన్న ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లడఖ్ సంప్రదాయ గృహం చలిని ఎలా ఎదుర్కొంటుంది?
2. 2010 లేహ్ వరద నుంచి నివాస స్థలం ఎంపికకు నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?
3. కొత్తగా వచ్చినవారు ఊరికి భారం కాకుండా ఉండాలంటే ఏమి చేయాలి?